గోడ గొడవ తేలింది

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ గొడుగూ,

నీ ఉత్తరానికి రెండు నెలలైనా జవాబు రాయలేదు, తిట్టుకో. అమ్మ బాగానే ఉంది, చెల్లి డిగ్రీ పాసయింది. ఇంక అసలు సంగతి విను.

మా వంటింటికీ పక్కింటి మాస్టారి స్నానాలగదికీ మధ్య ఒకటే గోడ కదా. వానలు మొదలయ్యాక మావైపు చెమ్మ దిగి, బీటలిచ్చి, పప్పుల డబ్బాల మీద పెచ్చులు రాలడం మొదలైంది. "మీ నీళ్ళే" అంటుంది అమ్మ. "మీ రావి మొక్కే" అంటారాయన. ఆ మొక్క గోడలో మొలిచి నాలుగేళ్ళయింది. రావిని పీకితే పాపమని అమ్మ దానికి రోజూ పసుపు రాస్తుంది. ఇంక ఎవడు ముట్టుకుంటాడు?

ఒకరోజు మాటలు ముదిరి, ఆయన అమ్మని ఏదో అనేశారు. నాకు లెక్కలు చెప్పిన మనిషి... సరే, వదిలెయ్. ఆ కోపంలో నేను కోర్టుకే పోదామనుకున్నాను. తెలిసిన ప్లీడరుగారు దస్తావేజు చూసి, హద్దుల్లో "ఉమ్మడి గోడ" అని రాసుంది, ఇద్దరిదీ అన్నారు. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి వెళ్ళచ్చట, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. "ముందు నీళ్ళెక్కడివో తేల్చుకో, తర్వాత అర్జీ" అన్నారు.

తాపీ మేస్త్రి బకెట్టు నీళ్ళలో నీలిమందు కలిపి మాస్టారి తూములో పోశాడు. తెల్లారేసరికి మా గోడ మీద నీలం! అమ్మ మొహం చూడాలి నువ్వు, పైడితల్లి జాతరలో సిరిమాను ఎక్కినట్టుంది. మేస్త్రి మాత్రం ఇటుక తీసి చూసి నవ్వాడు. రావి వేరు పైపు అతుకులోకి దూరి పగలగొట్టింది. నీళ్ళు వాళ్ళవే, వేరు మాదే!

ఇద్దరూ నోరు మూశారు, మన హాస్టల్ వార్డెన్‌కి గొడుగు దొరికినప్పటిలా. గోడ ఖర్చు చెరిసగం అని కాగితం రాసి సంతకాలు పెట్టుకున్నాం, ప్లీడరుగారు సాక్షి. పైపు మార్చడం ఆయన వంతు, రావిని తీయడం మా వంతు. అమ్మ దండం పెట్టుకుని తనే వేళ్ళతో సహా తీయించింది. పైడితల్లి అమ్మవారు దొరికిన పెద్ద చెరువు గట్టున నాటాలట. మొక్క పట్టుకుని అమ్మ వెనకాలే ఎవరు నడిచారో చెప్పుకో చూద్దాం? మాస్టారే! దారంతా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మాత్రం...

అయ్యో, సిమెంటు వచ్చిందట, మేస్త్రి కేకేస్తున్నాడు. దసరా వెళ్ళాక మంగళవారం సిరిమాను, తప్పక రా. మిగతాది అప్పుడు.

నీ
బకెట్టు