గాజుముక్క పక్కన తేదీ రాయించండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి జిల్లాల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. బస్సు వంతెన ఎక్కిందంటే ఇప్పటికీ నా చెవులు జాయింట్ల చప్పుడు మీదే ఉంటాయి.

2025 జులై 9న గుజరాత్‌లో గంభీరా వంతెన కూలి 20 మందికి పైగా పోయారు. విరిగిన అంచున వేలాడిన ట్యాంకర్ని దేశమంతా చూసింది. అది 1985లో కట్టింది. నలభై ఏళ్ళంటే వంతెనకు ముసలితనం కాదండీ, మా రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన 1974 నాటిది.

మీ శాఖ 2016లో జాతీయ రహదారుల మీది 1.7 లక్షలకు పైగా వంతెనలు, కల్వర్టుల లెక్క తీసి నంబర్లిచ్చింది, 0 నుంచి 9 దాకా మార్కులేసింది. మంచి పని. కానీ పగులు 2 మిల్లీమీటర్లుందంటే నాకేమీ తెలియదు. పోయినేడు ఎంతుందో చెబితే తెలుస్తుంది.

మా ఇంజనీరు గారొకరు పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి, పక్కన పెయింటుతో తేదీ రాయించేవారు. గాజు చిట్లితే పగులు కదిలినట్టే. ఇప్పుడు సెన్సార్లు వచ్చాయి, పెట్టించండి. చూసే మనిషిని కూడా పెట్టండి. అమెరికాలోని మినియాపోలిస్‌లో 2007లో వంతెన కూలి 13 మంది చనిపోయారు. దాని ఉక్కు దూలాలను కలిపి పట్టుకునే రేకులు, అంటే గసెట్ ప్లేట్లు, వంగి ఉండటం 2003లో తీసిన ఫొటోల్లోనే కనబడుతోంది!

నదితో ఇంకో తిరకాసు. వరద ఉరవడికి స్తంభం చుట్టూ ఇసుక కోసుకుపోయి గొయ్యి పడుతుంది. వరద తీశాక అదే ఇసుక వచ్చి గొయ్యిని కప్పేస్తుంది. జనవరిలో పడవలో వెళ్ళి, గుండు కట్టిన తాడు వదిలితే అంతా బాగానే ఉంటుంది. అలాంటి కొలతలకు రిజిస్టర్లో సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే అడుగుతున్నా: పెద్ద నదుల మీది స్తంభాలకు, వరద పారుతుండగానే లోతు చెప్పే పరికరాలు బిగించండి. వంతెన నంబరు కొడితే ఏయే ఏడు ఏ కొలత, ఎవరు తీశారు అన్నది ఎవరికైనా కనబడేలా చేయండి. జాయింట్లలో మొలిచిన రావి మొక్కలు పీకించండి, దానికి టెండరు కూడా అక్కర్లేదు.

గోదావరికి వరద జులై, ఆగస్టుల్లో వస్తుంది. ఈలోగా పరికరాలు బిగిస్తే మొదటి కొలత ఈ ఏటి వరదదే అవుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్