గణపతిదేవుని కూతురు

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఉత్తరమూ, దానితో పంపిన ప్రసంగం ముసాయిదా కూడా అందాయి. ఇటలీలోని పాదువాలో చదువుకొంటున్న మనవాళ్ళంతా కలిసి జరుపుకొనే సభలో రాజ్యమేలిన స్త్రీలలో ఒకరి గురించి మాట్లాడమంటే రుద్రమదేవిని ఎంచుకొన్నందుకు సంతోషించాను. వెనిస్ విమానాశ్రయానికి మార్కో పోలో పేరే పెట్టారు కనుక అతను మన రాణి గురించి చెప్పిన మాటలతో ప్రసంగం మొదలుపెట్టాలన్న నీ ఆలోచన కూడా బాగుంది. అయితే ముసాయిదా రెండో పేరాలో "భర్త మరణించిన తరువాత సింహాసనమెక్కిన కాకతీయ రాణి" అని రాశావు. ఆ మాట నీది కాదు, పోలోది. అది పొరపాటు. ఎక్కడో ఒక తేదీ తప్పితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. రుద్రమ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఈ ఒక్క మాటతో మరుగున పడిపోతోంది.

ముందు పోలో ఏమన్నాడో చూడు. చీనా నుంచి సముద్ర మార్గాన బయలుదేరి 1295లో వెనిస్ చేరిన అతను, 1298లో జెనోవావారి చెరలో ఉండగా రుస్తికెల్లో అనే పీసా రచయితకు తన ప్రయాణాల కథ చెప్పి రాయించాడు. అందులో మన దేశాన్ని "ముత్ఫిలి" అన్నాడు. అది మన మోటుపల్లి. ఓడల మీద తిరిగేవారికి రేవు పేరే రాజ్యం పేరవడంలో వింత లేదు. ఆ రాజ్యాన్ని ఒక వివేకవతియైన రాణి ఏలుతోందని, ఆమె భర్త పోయి నలభై ఏళ్ళయిందని, ఆయన మీద ఉన్న ప్రేమ చేత మళ్ళీ పెళ్ళాడలేదని, భర్త ఎంత న్యాయంగా పాలించాడో తానూ అంత న్యాయంగానే పాలించిందని, ఆమెను ప్రేమించినంతగా ప్రజలు మరే ప్రభువునూ ప్రేమించలేదని చెప్పాడు. వానలు వెలిసిన తరువాత కొండవాగుల్లో వజ్రాలు ఏరుకొనే సంగతి, సాలెగూడంత పలుచని బట్టల సంగతి కూడా అక్కడే ఉన్నాయి. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకొన్న ఆ ముక్కలను గద్దలు పైకి తెస్తాయన్న కథను కూడా అంతే నమ్మకంగా చెప్పాడు కనుక, అతని మాటను ఎక్కడ తీసుకోవాలో ఎక్కడ వదలాలో మనమే చూసుకోవాలి.

ఆమె న్యాయం గురించి, ప్రజాదరణ గురించి చెప్పిన మాట తీసుకోదగినదే. దూరదేశపు వర్తకుడికి మన రాణిని పొగడవలసిన అవసరం లేదు. కాని బంధుత్వమూ, లెక్కా రెండూ తప్పాయి. రుద్రమ ఏ రాజుకూ వితంతువుగా రాజ్యానికి రాలేదు. ఆమె గణపతిదేవుని కూతురు. 1199 నుంచి అరవై ఏళ్ళకు పైగా ఓరుగల్లును ఏలిన ఆ రాజుకు వారసుడుగా కొడుకు లేకపోతే కూతురినే వారసురాలిని చేశాడు. ఆమెను నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు గాని, రాజ్యాన్ని అల్లుడి చేతికివ్వలేదు. ఆమె ఏలినది 1262 నుంచి 1289 వరకు, అంటే ఇరవై ఏడేళ్ళు. నలభై ఏళ్ళు కాదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. పోలో చెప్పిన లక్షణాలు చాలావరకు సరిపోయే స్త్రీ ఆ ఇంట్లోనే మరొకరున్నారు. రుద్రమ తోబుట్టువు గణపాంబను ధరణికోటను ఏలే కోట బేతరాజుకిచ్చారు. భర్త పోయిన తరువాత ఆ సీమను ఆమే పాలించింది, ఆయన పుణ్యం కోసం గుడి కట్టించింది. యనమదల శాసనం ఆమెదే. భర్త స్థానంలో భార్య కూర్చోవడం ఆ కాలపు మనుషులకు ఇక్కడా తెలిసిందే, యూరపులోనూ తెలిసిందే. తండ్రి స్థానంలో కూతురు కూర్చోవడమే వారికి కొరుకుడుపడని సంగతి. అందువల్లనే రేవులో విన్న వార్త పోలో పుస్తకానికి చేరేసరికి కూతురు కాస్తా భార్యగా మారిందని నా అనుమానం. కల్పించాలన్న ఉద్దేశం అతనికి ఉండనక్కర లేదు. విన్నవాడి మనసులో సిద్ధంగా ఉన్న చోటులో వార్త కూర్చుంది, అంతే.

మనవాళ్ళు మాత్రం తేలికగా ఒప్పుకొన్నారని అనుకోవద్దు. చాలా శాసనాలు ఆమెను "రుద్రదేవ మహారాజు" అని మగవాడి పేరుతోనే పేర్కొన్నాయి. "రాయగజకేసరి", అంటే రాజులనే ఏనుగులకు సింహం, అన్న బిరుదు కూడా ఆమె ధరించింది. ఓరుగల్లు కోటలోని స్వయంభూ శివాలయానికి ఆమె కట్టించిన రంగమంటపపు శిల్పాల్లో ఏనుగు మీదికి లంఘించిన సింహం కనబడుతుంది. వెనిస్ యాత్రికుడు ఆమెను వితంతువుగా రాసుకొంటే, ఇంటివాళ్ళు మగవాడిగా చెక్కించుకొన్నారు. ఉన్నదున్నట్టుగా, రాజైన కూతురుగా చెప్పడానికి రెండు చోట్లా జంకే కనబడుతోంది.

నీ ముసాయిదాలో రజియాను ఒక వాక్యంలో ప్రస్తావించి వదిలేశావు. ఆ పోలికను ఇంకాస్త పెంచమని నా సలహా. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ కొడుకులుండగానే కూతురిని ఎంచుకొన్నాడు. ఆయన పోయాక కొలువులోని అమీర్లు ముందు కొడుకునే గద్దె మీద కూర్చోబెట్టారు. 1236లో రజియా వచ్చింది, 1240కే ఆమె కథ ముగిసింది. ఇరవై ఏళ్ళ తరువాత అదే సాహసం గణపతిదేవుడు చేసి నిలబెట్టగలిగాడంటే అందులో ఆయన ముందుచూపు ఉంది. తాను బతికి ఉండగానే కొన్నేళ్ళపాటు రుద్రమను తనతో పాటు పాలనలో కూర్చోబెట్టాడు. పాండ్యుల చేతిలో ముత్తుకూరు వద్ద ఓడి, నెల్లూరు సీమ చేజారి, రాజ్యం బలహీనపడిన రోజుల్లో కూడా ఆమె వైపు నిలిచిన సామంతులున్నారు. వారిలో రేచెర్ల ప్రసాదిత్యుడికి "కాకతీయ రాజ్య స్థాపనాచార్య" అన్న బిరుదే ఉంది. కూతురిని ఎంచుకోవడం ఒక ఎత్తయితే, ఆ ఎంపిక తన తరువాత కూడా నిలిచేలా ఏర్పాటు చేయడం మరో ఎత్తు. ఇల్తుత్‌మిష్ మొదటిది చేశాడు, గణపతిదేవుడు రెండూ చేశాడు.

యుద్ధాల సంగతి క్లుప్తంగా చెప్పు. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వస్తే తిప్పికొట్టింది, కళింగం వైపు గాంగులను ఆమె సేనానులు నిలువరించారు, తూర్పు తీరం నిలిచింది. అవి చెబితే చాలు. కత్తి పట్టిన బొమ్మ ఇప్పటికే అందరి కళ్ళలోనూ ఉంది. దానికంటే నీ శ్రోతలకు తెలియనివి రెండు శాసనాలున్నాయి, సమయమంతా వాటికివ్వు.

మొదటిది మోటుపల్లి అభయ శాసనం. ఇది రుద్రమది కాదు, ఆమె తండ్రిది, 1244 నాటిది. పోలోకు ఆ రేవు పేరు తెలియడానికి కారణం అందులోనే ఉంది కనుక చెబుతున్నాను. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్నంతా స్థానిక రాజులు లాగేసుకోవడం అంతకు ముందు ఆచారం. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాను ఆ సొమ్ము ముట్టనని, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. ఆ సుంకం ఎగుమతుల మీదా దిగుమతుల మీదా ముప్పైయవ వంతు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు ఎక్కించిన ఓడల సంగతి కూడా అందులో ఉంది. తీరం మీద భయం లేదని తెలిస్తేనే ఓడలు వస్తాయి, ఓడలు వస్తేనే రేవు పేరు దేశాలు దాటుతుంది. ఆ అభయాన్ని నిలబెట్టిన పాలన రుద్రమది కాబట్టే పోలో చెవికి ఆమె న్యాయం గురించిన మాట చేరింది. వెనిస్ కూడా వర్తకం మీద బతికిన నగరమే. ఈ శాసనం విలువ మీ సభకు వచ్చే ఇటలీవారికి విడమరచి చెప్పనక్కర లేదనుకొంటాను.

రెండోది 1261 నాటి మల్కాపురం శాసనం. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు గణపతిదేవునికి గురువు. ఆయనకు తండ్రి ఇస్తానన్న మందడం గ్రామంతో పాటు వెలగపూడిని కూడా చేర్చి రుద్రమ దానమిచ్చింది. (ఈనాడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. అక్కడి ఉద్యోగుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!) శివాచార్యులు ఆ ఊళ్ళ ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. ఒక భాగం గుడికి, మరొకటి విద్యార్థులకూ మఠానికీ, మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. వేదాలు చెప్పేవారు, సాహిత్యమూ తర్కమూ ఆగమమూ చెప్పేవారు, వైద్యుడు, లెక్కలు రాసేవాడు అంటూ ఎవరికెంత భూమి వృత్తిగా ఇవ్వాలో అన్నీ అందులో ఉన్నాయి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరొచ్చినా సత్రంలో అన్నం పెట్టాలని కూడా ఉంది. ప్రసవాలకు వేరుగా ఒక శాల ఉండాలని, దానికి నికరమైన ఆదాయం ఉండాలని పదమూడో శతాబ్దంలో ఆలోచించారన్నది నాకు ఏ యుద్ధ విజయం కంటే పెద్ద విషయంగా తోస్తుంది. ఆ ఏర్పాటు చేసినది గురువే అయినా దానికి ఊరిని ఇచ్చినది రుద్రమ.

మీ విశ్వవిద్యాలయం 1222లో మొదలైందని రాశావు. అంటే గణపతిదేవుడు ఏలుతున్న రోజుల్లోనే. డాక్టరేటు పొందిన తొలి మహిళగా పేరొందిన ఎలేనా కోర్నారో పిస్కోపియాకు అక్కడున్న విగ్రహం ప్రస్తావన కూడా నీ ఉత్తరంలో ఉంది కనుక ఆమెను ప్రసంగంలోకి తెస్తావనుకొంటాను. 1678లో ఆమెకు క్రైస్తవ మతశాస్త్రంలో పట్టా ఇవ్వబోతే స్త్రీకి తగదని బిషప్పు అడ్డుపడ్డాడు, చివరకు తత్వశాస్త్రంలో ఇచ్చారు. ఆమెను ప్రస్తావించినా ఒక్క వాక్యంతో సరిపెట్టు. నీ శ్రోతలకు ఆమె తెలుసు, రుద్రమ తెలియదు.

ఇక రుద్రమ మరణం. ఆమె 1295 దాకా పాలించిందని పాత పుస్తకాల్లో ఉంటుంది, నీవు కూడా అదే రాశావు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం బయటపడిన తరువాత ఆ లెక్క మారింది. 1289 నవంబరు 27 తేదీ గల ఆ శాసనంలో, కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే బంటు రాయించాడు. వారెలా పోయారన్నది అందులో లేదు. కాకతీయుల మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడు తాను మల్లికార్జునుడిని సర్వం పోగొట్టుకొనేలా చేశానని 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో చెప్పుకొన్నాడు కనుక, అంబదేవుని మీదికి నడిచిన యుద్ధంలోనే రాణి కూడా మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. ఊహను ఊహగానే చెప్పు. నన్ను ఆకట్టుకొన్నది మరొకటి. ఇంత పెద్ద రాణి మరణవార్త మనకు కొలువు కవి ద్వారా రాలేదు, ఒక బంటు ఇచ్చిన చిన్న భూదానం ద్వారా వచ్చింది. ఆ బంటు ఆమెను మగపేరుతో పిలవలేదు. రుద్రమదేవి అనే రాయించాడు.

పొగడ్తలతోనే ముగించకు. రుద్రమకు కొడుకులు లేరు, కూతుళ్ళున్నారు. తన తండ్రి తనకిచ్చినట్టు ఆమె రాజ్యాన్ని కూతురు ముమ్మడమ్మకు ఇవ్వలేదు, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని దత్తు తీసుకొని అతనికిచ్చింది. ఇరవై ఏడేళ్ళు ఏలిన తరువాత కూడా ఆ పని మరొకసారి చేయడానికి ఆమెకు పరిస్థితులు అనుకూలంగా కనబడలేదో, మనవడే సమర్థుడనిపించాడో గాని, కూతురికి సింహాసనమిచ్చిన సంగతి కాకతీయుల్లో ఒక్క తరంతోనే ఆగిపోయింది. ఎవరైనా సభలో ఈ ప్రశ్న వేస్తే తప్పించుకోవద్దు.

కనుక రెండో పేరాను "తండ్రి గణపతిదేవుని వారసురాలిగా 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి" అని మార్చు. పోలో మాటలను ఆ తరువాత పెట్టి, అతను ఎక్కడ పొరబడ్డాడో అక్కడే చెప్పు. యుద్ధాల పేజీని సగానికి తగ్గిస్తే మల్కాపురానికి చోటు దొరుకుతుంది. దిద్దిన ప్రతిని సభకు వారం ముందే పంపితే ఊళ్ళ పేర్లూ తేదీలూ సరిచూసి పంపుతాను. అక్కడ చలి ముదిరిందన్నావు, ఉన్ని బట్టలు చాలకపోతే రాయి. నాన్నగారు నీ పరీక్షల తేదీలు తెలపమన్నారు.

ఆశీస్సులతో,
అమ్మ
హనుమకొండ