గాలిమర ఎక్కే శిక్షణ మాకూ ఇప్పించండి: మహబూబ్‌నగర్ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాను. గాలిమరల టెక్నీషియన్‌గా స్థిరపడాలని నా కోరిక. పక్కనే కర్నూలు, అనంతపురం గుట్టల మీద వరసగా గాలిమరలున్నాయి. కానీ చాలాచోట్ల ముందు అడిగేది జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) సేఫ్టీ సర్టిఫికెట్. ఎత్తులో పని, ప్రథమ చికిత్స, మంటలార్పడం అందులో నేర్పుతారు. రెండేళ్లకోసారి రిఫ్రెషర్ కూడా చేయాలి. కూలి చేసుకునే ఇంటికి ఆ ఫీజు మోయలేని బరువు సార్.

ఇది తేలిక పని కాదు. 80, 100 మీటర్ల టవర్ లోపల హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టులు) తగిలించుకుని నిచ్చెనెక్కాలి. పైన ఇరుకు గదిలో గేర్‌బాక్స్ ఆయిల్ చూడాలి, టార్క్ రెంచ్‌తో బోల్టులు సరిచూడాలి. తిరిగే రోటర్‌కు లాక్ వేయకుండా, రెక్కలు బిగించి ఉండే హబ్‌లో అడుగు పెట్టకూడదు. మాకు మోటార్ వైండింగ్ బాగానే నేర్పారు గానీ, హార్నెస్ కట్టుకోవడం ఎవరూ చూపించలేదు.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు మట్టిపనికి వలసపోయిన తండ్రుల పిల్లలం మేము. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థతో మాట్లాడి ఇక్కడి ఐటీఐ పిల్లలకు శిక్షణ ఇప్పించండి. ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల నుంచి సర్టిఫికెట్ ఫీజు కట్టించండి. ఈ ఏడాది బ్యాచ్ బయటికొచ్చేలోపే ఒక నిర్ణయం చెప్పండి సార్.

ఇట్లు,
జడ్చర్ల ప్రాంతపు ఐటీఐ కుర్రాడు