రేకుల క్యాబిన్ల కింద వైర్లు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల రోడ్డు, వంతెన పనులు జరిగే చోట కూలీల కోసం ఇనప రేకుల క్యాబిన్లు పెడుతున్నారు. లారీ మీద తెచ్చి, సిమెంటు దిమ్మల మీద దించి, ఆ సాయంత్రానికే కరెంటు ఇచ్చేస్తారు. ఎలక్ట్రీషియన్‌గా నాకు వాటిలో పనులు వస్తుంటాయి. లోపల లైట్లు, ఫ్యాన్లు బాగానే ఉంటాయి. వంగి కిందకి చూస్తేనే భయమేస్తుంది.

మొన్న వానల్లో కాశీనగరం వైపు ఒక సైటుకు రమ్మన్నారు. తలుపు గొళ్లెం ముట్టుకుంటే జివ్వుమంటోందని ఆడవాళ్లు కొంగు చుట్టి తీస్తున్నారు. గోడ రేకు మీద ఎక్కడ పెట్టినా టెస్టర్ వెలిగింది. టార్చి వేసి చూస్తే, కింద ట్విన్ వైరును నీళ్ల పైపుకే తాడుతో కట్టేశారు. పైపు కారి, నీళ్లు చుక్క చుక్కగా టేపు చుట్టిన వైరు జాయింటు మీద పడుతున్నాయి. పైగా వైరు లోపలికి వెళ్లే బెజ్జం దగ్గర రేకు అంచు తొడుగును కోసేసింది.

'ఎంసీబీ ఉంది కదా బాబూ, పడిపోవాలి కదా' అన్నాడు మేస్త్రీ. ఎంసీబీ అంటే లోడు మితిమీరితే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్. కానీ ఇక్కడ అది పడదు. ఆ క్యాబిన్‌కి ఎర్త్ లేదు. తడినేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి ఒంట్లోంచే కరెంటు భూమిలోకి పోవాలి. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక లెక్క కాదు. దాని పని వైరు కాలిపోకుండా చూడటం. మనిషిని కాపాడేది, కొంచెం కరెంటు భూమిలోకి లీకైనా వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. నేను చూసిన క్యాబిన్లలో చాలావాటికి అది లేనే లేదు.

వైరును పీవీసీ పైపులో వేసి, నేలకు ఎత్తుగా ఇనప ఫ్రేముకు క్లాంపులతో బిగించాలి. బెజ్జానికి రబ్బరు బుష్ వేయాలి. కింద జాయింటు అనేదే ఉండకూడదు. నీళ్ల పైపు రెండో పక్క నుంచి పోవాలి. ఎర్త్ రాడ్డు పాతి, దాని తీగను ఫ్రేముకు బోల్టుతో బిగించాలి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. రోడ్డుకు కోట్లు పెట్టేవాళ్లు ఇక్కడ కక్కుర్తి పడటం నాకు కడుపు మండే విషయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లా ఎలా మునిగిందో అందరం చూశాం. అయినా క్యాబిన్లను వంశధార, మహేంద్రతనయ ఒడ్డు పల్లంలోనే పెడుతున్నారు.

ఆ క్యాబిన్లలో ఉండేవాళ్లలో చాలామంది మన పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వచ్చినవాళ్లే. మీ పేపరు వాళ్ల దగ్గరకూ వెళ్తుంది కాబట్టి ఇది రాస్తున్నాను. క్యాబిన్ అద్దెకిచ్చేవాళ్లు తాళం చేతికిచ్చే ముందు మేస్త్రీ ఎదుట ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూపించాలి. సప్లై ఆగకపోతే ఆ క్యాబిన్‌లోకి ఎవరూ దిగొద్దు.

— ఒక ఎలక్ట్రీషియన్, పర్లాకిమిడి