అది ఖ్మేర్ ‘రోగ్’ కాదు, దోషులందరికీ శిక్షా పడలేదు

సంపాదకుడు గారికి నమస్కారాలు.

కంబోడియా రాజధాని నామ్‌పెన్ పతనానికి యాభై ఏళ్లంటూ ఏప్రిల్ 17న మీరు వేసిన వ్యాసం చదివి ఆ పూటే రాయబోయాను. కోపం మీద ఉత్తరాలు రాయొద్దని మా ఆవిడ పెన్ను దాచేసింది. వారం ఆగాను, కోపం మాత్రం తగ్గలేదు.

ముందు చిన్న తప్పులు. అది ‘ఖ్మేర్ రోగ్’ కాదండీ, ‘ఖ్మేర్ రూజ్’. ఎర్ర ఖ్మేర్లని అర్థం. 1975లో నామ్‌పెన్‌ను పట్టుకుని లక్షల మందిని పొట్టన పెట్టుకున్న పోల్ పాట్ కమ్యూనిస్టు ముఠా అది. శీర్షికతో కలిపి అయిదుసార్లు ‘రోగ్’ అనే అచ్చేశారు. రోగం అనే భావంతో వేశారంటే నాకు అభ్యంతరం లేదు. ఇక ఫొటో. ఆంకోర్ వాట్ గుడి వేశారు! ఆ గుడికీ ఈ హత్యలకీ ఏం సంబంధం? బడిని జైలుగా మార్చిన టువోల్ స్లెంగ్ ఉంది, పుర్రెలు పేర్చిన చోయెంగ్ ఎక్ ఉంది. కంబోడియా అని కొట్టగానే ముందు ఏ బొమ్మ వస్తే అది అంటించేసినట్టున్నారు. ఒకప్పుడు మీ దగ్గర ప్రూఫులు దిద్దేవాళ్లుండేవారు. ఒక్క అచ్చుతప్పు పట్టుకుంటే మా స్టాఫ్ రూములో పండగ చేసుకునేవాళ్లం. ఇప్పుడు రోజూ పండగే.

అసలు సంగతికొస్తాను. ‘ఆలస్యమైనా దోషులందరికీ శిక్ష పడింది’ అని ముగించారు. అందరికీ అంటే ఎందరికి? ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ ‘అందరూ’ అన్న మాట దగ్గర నా ఎర్ర సిరా ఆగిపోయింది.

1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా, వాళ్ల పాలనకు నాలుగేళ్లు కూడా నిండలేదు. పోయిన ప్రాణాలు సుమారు 17 లక్షలు. దేశంలో నలుగురికొకరు. కొట్టి చంపినవాళ్లు కొందరు, పొలాల్లో తిండి లేక, మందు లేక రాలిపోయినవాళ్లు కొందరు. ఐక్యరాజ్యసమితీ కంబోడియా ప్రభుత్వమూ 2003లో ఒప్పందం చేసుకుని పెట్టిన కోర్టు 2006లో పని మొదలెట్టి, 2022 సెప్టెంబర్ 22న ఆఖరి అప్పీలు తేల్చింది. ఖర్చు 33 కోట్ల డాలర్లకు పైమాటే. శిక్ష ఖాయమైంది టువోల్ స్లెంగ్ జైలు అధికారి డుచ్, పోల్ పాట్ కుడిభుజం నువోన్ చియా, అప్పటి దేశాధినేత ఖియు సంఫాన్, ఈ ముగ్గురికి. మీ ‘అందరూ’ వీళ్లే.

పోల్ పాట్ 1998లోనే చచ్చిపోయాడు, ఈ కోర్టు మొహం చూడలేదు. వాళ్ల సైన్యాధిపతి టా మోక్ 2006లో విచారణ మొదలవకుండానే పోయాడు. విదేశాంగ మంత్రిగా చేసిన ఇయెంగ్ సారీ సంగతి మరీ చోద్యం. 1979లో అతను లేకుండానే మరణశిక్ష వేశారు, 1996లో రాజుగారు క్షమాభిక్ష పెట్టారు, మళ్లీ పట్టుకొచ్చి బోనెక్కిస్తే 2013లో విచారణ మధ్యలో కన్నుమూశాడు. అదే కేసులో ముద్దాయి అయిన ఆయన భార్యకు మతి తప్పిందని వదిలేశారు. నువోన్ చియాకు 2018లో జాతినిర్మూలన కింద రెండో యావజ్జీవం పడింది. దాని అప్పీలు తేలకముందే మరుసటేడు తొంభై మూడేళ్ల వయసులో వెళ్లిపోయాడు.

డుచ్ గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అతను లెక్కల మాస్టారండీ, మా వృత్తివాడే. టువోల్ స్లెంగ్ జైలును నడిపి, రికార్డులు పొందిగ్గా పెట్టాడు. తీర్పు ప్రకారమే అక్కడ చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 12,272 మంది. 2010లో 35 ఏళ్లు వేశారు. అంతకుముందు అక్రమంగా నిర్బంధించారని 5 తీసేశారు, అప్పటికే లోపలున్న 11 తీసేశారు. మిగిలినవి 19. రోజులుగా మార్చి మృతుల సంఖ్యతో భాగించండి, తలకు పదమూడున్నర గంటలు వస్తుంది. అక్కడ బతికి బయటపడ్డవాళ్లు ఈ తీర్పు విని గగ్గోలు పెట్టారంటే పెట్టరా మరి? 2012లో అప్పీలు కోర్టు దాన్ని యావజ్జీవం చేసింది కాబట్టి కాస్త పరువు దక్కింది.

ముగ్గురితోనే ఎందుకు ఆగిందో మీ వ్యాసకర్త ముట్టుకోలేదు. కంబోడియాకు అన్నేళ్లు ప్రధానిగా ఉన్న హున్ సేన్ స్వయంగా ఖ్మేర్ రూజ్ కమాండరు, 1977లో వియత్నాం పారిపోయాడు. నువోన్ చియా, ఖియు సంఫాన్ 1998లో లొంగిపోతే, గొయ్యి తవ్వి గతాన్ని పూడ్చిపెడదామన్నాడు. మిగతావాళ్ల మీది మూడో కేసు జరగనివ్వనని 2010లో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ముఖం మీదే చెప్పాడు. అన్నట్టే మూడు, నాలుగు కేసులు విచారణ గడప దాటకుండానే మూతపడ్డాయి. పెద్ద దేశాలకూ వాత పెట్టాల్సింది. 1979లో గద్దె దిగిన హంతకుల ప్రతినిధినే ఐక్యరాజ్యసమితి కుర్చీలో కొనసాగించిన ఘనత అమెరికా, చైనాలది. 1980లో వియత్నాం నిలబెట్టిన కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్దిమందిలో మనం ఉన్నాం, ఆ మంచిమాటా మీరు రాయలేదు. అప్పట్లో మా ఊరి టీకొట్టు దగ్గర ఇదంతా అమెరికా కట్టుకథ అని బల్ల గుద్దిన మిత్రులూ ఉన్నారు. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇంతకీ నన్ను ఎక్కువ మండించింది ‘ప్రపంచానికి పాఠం’ అన్న మీ ఉపశీర్షిక. ప్రపంచం సరే, మన సంగతి? కంబోడియాలో ఆ పాలన కూలిన 31 ఏళ్లకు మొదటి తీర్పు వచ్చింది. 1984 ఢిల్లీ సిక్కుల హత్యల్లో కాంగ్రెస్ నేత సజ్జన్ కుమార్‌కు హైకోర్టు శిక్ష వేసేసరికి 34 ఏళ్లు. వాళ్లకు అంతర్యుద్ధం అడ్డొచ్చింది, మనకేం అడ్డొచ్చింది? 2018 డిసెంబర్ నాటి ఆ తీర్పులోనే, మానవాళిపై నేరాలు, జాతినిర్మూలన అనేవి మన శిక్షాస్మృతిలో లేవు, ఈ లోపం త్వరగా సరిచేయండని జడ్జీలు రాశారు. జాతినిర్మూలన ఒడంబడికను మనం ఆమోదించింది 1959లో! 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. 358 సెక్షన్లు. గొలుసు లాక్కుపోయినవాడికి కొత్త సెక్షన్ ఉంది, జాతినిర్మూలనకు చోటు దొరకలేదు. దాని మీద సంపాదకీయం రాసే తీరిక మీకు దొరికిందా?

కనీసం సవరణైనా వేయండి, ఫొటోతో సహా. మా వీధి మురుగుకాలవ గురించి కిందటేడు రాసిన ఉత్తరాన్ని సగం కత్తిరించి, ఊరి పేరు కూడా తప్పు వేశారు. మాది తెనాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి