రాజుగారి బిళ్ళ దొరికింది దోస్తూ

మిర్యాలగూడ,
ఆదివారం పొద్దున

అరే దోస్తూ,

మస్కట్‌లో ఎండలు ఎట్లున్నాయి? ఇక్కడ పొద్దున తొమ్మిదింటికే రోడ్డు మీద కాలు పెట్టలేకపోతున్నాం. మొన్న ఫోన్లో "ఆన్‌లైన్ వేలంలో బంగారు కాసు చవగ్గా కొట్టినవంట కదా, నాకూ ఒకటి పట్టు" అన్నావు. ఫోన్లో చెప్తే సగం విని సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, చాయ్ పెట్టుకుని చదువు.

ముందు నేను పప్పులో కాలేసిన కథ. మూడేళ్ల కింద "1818 ఈస్ట్ ఇండియా కంపెనీ బంగారు నాణెం" అని ఒకటి కనపడింది. ఒకవైపు రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు. 4,500 రూపాయలు పెట్టి తెప్పించుకున్నా. నల్లగొండ ప్రకాశం బజార్‌లో మనకు తెలిసిన అవుసులాయన దగ్గరికి పట్టుకుపోతే, ఆయన గీటురాయి కూడా తియ్యలేదు. బల్ల మీద టంగుమనిపించి "ఇత్తడి సారూ" అన్నాడు, అంతే. తర్వాత చదివితే తెలిసింది, కంపెనీ వాళ్లు అసలు అట్లాంటి నాణెం ముద్రించనే లేదట. ఎవరో తయారుచేసి 1818 అని అచ్చు వేసిన బిళ్ళలు అవి. ఇట్లాంటివాటినే "మహిమ ఉంది, బియ్యాన్ని లాగుతుంది" అని లక్షలకు అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. మన మిర్యాలగూడలో బియ్యాన్ని లాగేవి లారీలొక్కటే.

ఆ 4,500 పోయినాకే బుద్ధి వచ్చింది. అప్పటినుంచి బొమ్మ తర్వాత చూస్తా, ముందు తూకం చూస్తా. మన అమ్మమ్మలు "కాసు" అన్నది ఇంగ్లండు బంగారు నాణెం సవరనే కదా. దాని తూకం 7.988 గ్రాములు, 22 క్యారెట్లు. అంటే అందులో అచ్చమైన బంగారం 7.32 గ్రాములు. అడ్డంగా కొలిస్తే 22 మిల్లీమీటర్లు. అర కాసైతే తూకం సరిగ్గా సగం. ఈ అంకెలు నోటికి వస్తే సగం పని అయిపోయినట్టే. పొద్దున అచ్చమైన బంగారం గ్రాము రేటును 7.32తో గుణించి, పోస్టు ఖర్చు తీసేసి, అందులోంచి ఇంకో పదోవంతు మోసపోయే భయానికి తీసేస్తా. మిగిలినదే నా హద్దు. దాన్ని కాగితం మీద రాసి టేబుల్‌కు అంటిస్తా, ఎందుకంటే వేలంలో చివరి నిమిషాన మనిషికి పూనకం వస్తుంది. నాకు వచ్చింది, అందుకే చెప్తున్నా.

చవగ్గా ఎక్కడ దొరుకుతాయంటే, అమ్మేవాడికి తన చేతిలో ఉన్నదేంటో తెలియని చోట. "సవరన్" అని సరిగ్గా రాసిన వాటి మీద వందమంది కన్నేసి ఉంటారు. నేను ఇంగ్లీషు స్పెల్లింగు తప్పులతో వెతుకుతా. ఉత్తరాది వాళ్లు కాసును "గిన్నీ" అంటారు, దాంతో వెతుకుతా. "పాత లాకెట్", "రాజు బొమ్మ బిళ్ళ" అనీ వెతుకుతా. రోల్డ్ గోల్డ్ నగల మధ్య, పాత గుండీల పెట్టెల్లో కూడా చూస్తా. వందలో తొంభై తొమ్మిది చెత్తే. పూత పూసినవి, "గోల్డ్ కలర్" అని చిన్నక్షరాల్లో రాసినవి, ఎంత అడిగినా తూకం చెప్పనివి. మూడేళ్లలో పనికొచ్చింది ఒక్కటే దొరికిందంటే అర్థం చేసుకో. దీన్ని సంపాదన అనుకుంటే మా ఆవిడ నవ్వుతుంది.

ఆ ఒక్కటి ఎట్లా దొరికిందంటే. "పాత లాకెట్, గడ్డం రాజు" అని పెట్టారు. మసక ఫోటో, పైన కొక్కెం అతికించి ఉంది. రెండో ఫోటోలో మాత్రం బిళ్ళను కాటా మీద పెట్టారు: 8.42. నా గుండె దడదడలాడింది! కొక్కేనికి అర గ్రాము తీసేస్తే మిగిలింది అరిగిన కాసు తూకమే కదా. అమ్మేది ఎవరో ముసలమ్మ అయితే అసలు ధర చెప్పేసేవాణ్ణే, ఒట్టు. కానీ అది పాత సామాను దుకాణం. వాళ్ల మీద నాకు జాలి లేదు.

వేలం ముగిసేది బుధవారం మధ్యాహ్నం రెండింటికి, అందరూ పనుల్లో ఉండే టైమ్. ముందే పాట పాడితే నలుగురి కళ్లూ దాని మీద పడతాయి. స్కూల్లో సరిగ్గా ఎనిమిదో తరగతి పీరియడ్. పిల్లలకు లెక్క ఇచ్చి, బల్ల కింద ఫోన్ పట్టుకుని, చివరి పది సెకన్లలో నా హద్దు మొత్తం ఒకేసారి కొట్టేశా. నా మీద ఇంకొకరు పాడేలోపు గడియారం సున్నాకి వచ్చింది. పిల్లలు "సార్ ఎందుకు నవ్వుతున్నాడు" అనుకుని ఉంటారు.

పార్సిల్ వచ్చాక పరీక్ష నేనే చేశా. చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, బిళ్ళను దారంతో గ్లాసు అడుగుకు తగలకుండా ముంచా. 0.48 చూపించింది, బిళ్ళ పక్కకు తోసిన నీళ్ల బరువన్నమాట. 8.42ను దాంతో భాగిస్తే పదిహేడున్నర, అంటే నీళ్లకంటే అన్ని రెట్లు బరువు. 22 క్యారెట్లకు సుమారు అంతే రావాలి. కొక్కెం, టంకం కాస్త నాసిరకం కదా, ఆ మాత్రం తగ్గుతుంది. ఇత్తడైతే తొమ్మిది కూడా దాటదు. ఏటా పిల్లలకు చెప్పే ఆర్కిమెడిస్ పాఠం నాకు పైసలు తెచ్చింది ఇదొక్కసారే. అవుసులాయన ఈసారి గీటురాయి తీసి గీసి చూసి, ఏమీ అనకుండా చాయ్ తెప్పించాడు.

ఇక నీ సంగతి. నీకు పంపలేను రా. దాని మీద 1918 అని ఉంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించడం నేరం. వేలాల్లో "పొలంలో దొరికింది" అని రాసేవాళ్లూ ఉంటారు, వాళ్ల జోలికి అసలే పోకు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. అన్నట్టు, మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కుండ నిండా నాణేలు బయటపడ్డాయి, విన్నావా? 3,730 నాణేలు, అన్నీ సీసం! ఇక్ష్వాకుల కాలంవి. బంగారం కాకపోయినా వాటిని చూడాలని నాకు మస్తు ఆశ.

ఇప్పుడు ఇంట్లో గొడవంతా కొక్కెం గురించి. నాణేలు సేకరించేవాళ్లు టంకం మచ్చ చూస్తే విలువ తగ్గిస్తారు, తీసేయిద్దామంటే ఇంకా మచ్చ పడుతుంది. మా ఆవిడ ఆ గొడవే లేకుండా పుస్తెలతాడుకు ఎక్కించేసుకుంది. స్నానానికి పోయినప్పుడు అడిగి తీసుకుని చూడాల్సి వస్తోంది నాకు.

ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. 1918 సవరన్లు లండన్‌లో వెయ్యలేదు. ఆస్ట్రేలియాలో, కెనడాలో, మన బొంబాయిలో వేశారు. బొంబాయి టంకశాల సవరన్ వేసింది ఆ ఒక్క సంవత్సరమే, గుర్తు "ఐ" అక్షరం. అది సంవత్సరం అంకె పైన, బొమ్మ కింది నేలగీత మీద ఉండాలి. నా బిళ్ళ మీద ఒక నిలువు గీత కనిపిస్తోంది. అది "ఐ"యో, పొట్ట అరిగిపోయిన ఆస్ట్రేలియా పెర్త్ టంకశాల "పి"యో ఫోన్‌లో ఎంత పెద్దది చేసినా తేలట్లేదు. ఈసారి వచ్చేటప్పుడు ఖర్జూరాలు మానెయ్, పది రెట్లు చూపించే భూతద్దం ఒకటి పట్టుకురా.

నీ
దోస్తు