లోపలి సాసర్ పిట్లలో నీళ్లు పోయించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రిగారికి,

హన్మకొండ నుంచి నమస్కరించి రాస్తున్నాను. మన కవ్వాల్ అడవి లోపలి సాసర్ పిట్లు, అంటే జంతువులు నీళ్లు తాగడానికి కట్టిన పళ్లెంలాంటి సిమెంటు తొట్లు, ఎండిపోతున్నాయని రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను, ఫొటోలు జతచేశాను, ఫోన్లు చేశాను. "పైకి పంపాం" అన్నారు తప్ప పని జరగలేదు. ఆ పైన ఉన్నది మీరే కదా అని ఈ లేఖ.

ఎండాకాలం సఫారీ సంగతి మీకు తెలిసిందే. టేకు ఆకు రాలి అడవి పలచబడుతుంది, వాగులు ఇంకిపోతాయి, జంతువులు నీళ్ల చుట్టే తిరుగుతాయి. మాలాంటి ఫొటోగ్రాఫర్లు ఏప్రిల్, మే నెలల కోసమే ఎదురుచూస్తారు. కానీ బండ్లు తిరిగే దారి పక్క సాసర్ పిట్లలో నీళ్లుంటున్నాయి, లోపలివి ఎండిపోతున్నాయి. అడిగితే లోపలికి ట్యాంకర్ పోదంటారు. ట్యాంకర్ పోని చోటనే కదా సోలార్ బోరు కావాల్సింది?

అనుమతి తీసుకుని వాచర్‌తో కలిసి లోపలికి వెళ్లి చూశాను. సిమెంటు పగుళ్లిచ్చింది, అడుగున మట్టి పెంకులుగా లేచింది. చుట్టూ పాత గిట్టల గుర్తులే ఉన్నాయి, కొత్తవి ఒక్కటీ లేవు. ఆ సాయంత్రమే దారి పక్క పిట్ దగ్గర ఒక దుప్పి, వెనకాల దాని పిల్ల కనిపించాయి. అప్పటికే నీళ్లకు అడ్డంగా మూడు జీపులు ఆగి ఉన్నాయి. తల్లి ముందుకాలు నేలకేసి కొట్టింది, రెండడుగులు వేసింది, ఎవరో గట్టిగా మాట్లాడేసరికి ఆగిపోయింది. చీకటి పడేదాకా అంతే. నీళ్లు తాగకుండానే పిల్లను తీసుకుని వెనక్కి పోయింది. దుప్పికి ఎండాకాలం రోజూ నీళ్లు కావాలి సార్. అడవిదున్నకూ అంతే. అడవిలో దొరక్కపోతే పొలాల దగ్గరి కుంటలకు వస్తాయి. అక్కడ కుక్కలు తరుముతాయి, వేటగాళ్లు కరెంటు తీగలు పెడతారు.

కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా పులులు వస్తున్నాయని మనమంతా సంతోషపడుతున్నాం. వచ్చిన పులి ఇక్కడే ఉండాలంటే దానికి దుప్పులు కావాలి, దుప్పులకు నీళ్లు కావాలి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

దయచేసి ముందు లోపలి పిట్లు నింపించండి. పగుళ్లు పూడ్పించండి, సోలార్ బోర్లు వేయించండి. నీళ్లకు ఎంత దూరంలో బండి ఆపాలో గీత గీయించండి, దాటితే జరిమానా వేయించండి. దూరం వల్ల ఫొటోలు రాకపోయినా ఫర్వాలేదు, నేనైతే సంతోషంగా ఒప్పుకుంటాను. బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లను కూడా ఒకసారి పిలిపించి అడగండి. ఏ పిట్ ఎప్పుడు ఎండుతుందో వాళ్లకు నోటికి తెలుసు, వాళ్లను అడిగేవాళ్లే లేరు.

వానలు పడ్డాక చూద్దాం అని మాత్రం అనకండి. రోహిణి కార్తె దాటేదాకా ఆ దుప్పి పిల్ల బతకాలి. ముందు నీళ్లు పోయించండి సార్, మిగతావి తర్వాతైనా చూడొచ్చు.

ఇట్లు,
ఒక వన్యప్రాణి ఫొటోగ్రాఫర్,
హన్మకొండ